పగిలినవి: రెండు

4వ తేదీ, సోమవారం

రిజిస్టర్లు తీసుకెళ్ళిపోయారు. ఇరవై ఆరూ. అట్టపెట్టెల్లో సర్ది చిన్న యజమాని గదిలోకి చేర్చారు. నేను పక్కనే నించున్నాను. ఒకదాని అట్ట ఊడిపోతుంటే జాగ్రత్త అందామనుకున్నాను. ఈలోపే పెట్టెకి టేపు వేసేశారు.

వచ్చే ఏడాదికని తెప్పించిన కొత్త రిజిస్టరు ఒకటి మిగిలింది. ఎవరూ అడగలేదు. ఇంటికి తెచ్చుకున్నాను. చెప్పి తేలేదు. ఖాళీదేగా.

సాయంత్రమయ్యేసరికి చెయ్యి ఊరుకోవడం లేదు. అందుకని ఇందులో రాస్తున్నాను. వచ్చినవి, పోయినవి, మిగిలినవి, పగిలినవి అని గడులు గీసి ఉన్నాయి. వాటిని పట్టించుకోకుండా అడ్డంగా రాస్తున్నాను. అదోలా ఉంది.

కంప్యూటరమ్మాయి వచ్చింది. నెల రోజులుంటుందట. గోడౌనులో ఉన్న సామానంతా కంప్యూటరులోకి ఎక్కిస్తుందట. "తాతగారూ, ఇంక మీకు రాసే పనుండదు, హాయి," అంది. నేను తలూపాను.

బావ ఊరుకోడుగా. "మా బావకి నోట్లో మాటలు తక్కువమ్మా. ఉన్న నాలుగూ పుస్తకంలో పెడతాడు. నువ్వు పుస్తకం లాక్కుంటే ఆయన మూగవాడైపోతాడు," అన్నాడు.

మాకు చుట్టరికం లేదంటే ఆ పిల్ల నమ్మలేదు. ముందు ఎవరు ఎవర్ని బావా అన్నారో మాకే గుర్తు లేదు. నేను రాస్తాను, అతను నిచ్చెనెక్కి పెడతాడు, దించుతాడు. అంతే చుట్టరికం.

5వ తేదీ, మంగళవారం

ఆ పిల్ల కళ్ళు చురుకు. పొద్దుటి నుంచీ పెట్టెలు విప్పి నా రిజిస్టర్లు తిరగేస్తోంది. మధ్యాహ్నం పిలిచింది.

"తాతగారూ, ప్రతి లోడులోనూ పగిలినవి రెండు అని రాశారు. పంపు సీళ్ళు, రెండు. వాల్వులు, రెండు. బేరింగులు, రెండు. ఒక్కసారైనా ఒకటి పగలదా? మూడు పగలవా?"

"దారి బావుండదమ్మా. లారీ కుదుపు," అన్నాను.

"లారీకి రెండే లెక్కా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వినట్టే ఉన్నాను.

ఇక్కడ రాసుకోవచ్చు. ఇది ఎవరూ చూడరు. పగల్లేదు. ఏ లోడులోనూ ఏమీ పగల్లేదు.

చేరిన మొదటి ఏడు. ఒక మేస్త్రీ వచ్చాడు, ఏదో వీధి వాళ్ళ నీళ్ళ పంపుకి వాల్వు కావాలని. అంతకు గంట ముందే ఆఖరుది ఇచ్చేశాను. లేదన్నాను. ఆ మనిషి తిట్టి ఉంటే బావుండేది. "అలాగా," అని గేటు మెట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు కూర్చుని వెళ్ళాడు. కొత్త సరుకు రావడానికి నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులూ ఆ వీధి మీదుగా ఇంటికెళ్ళడం మానేశాను. లేదు అనే మాట నా నోటికి రాదు. అప్పటి నుంచి అసలే రాదు.

ఆ తర్వాతి లోడు నుంచి రెండేసి తీసి పైన పెట్టించాను. పుస్తకంలో పగిలినవి అని రాశాను. నిల్వ అయిపోయిన రోజున ఎవరైనా వస్తే పైనుంచి తీసి, బాగుచేసినది అని రాసి ఇచ్చాను. ఎవరికీ నష్టం లేదు. బయటికి ఒక్క మేకు పోలేదు. పెద్ద యజమాని బతికున్నన్నాళ్ళూ "మన గోడౌనులో లేదనే మాట ఉండదు," అని అందరికీ చెప్పేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు చెమట పట్టేది.

బావకి తెలియదు. పైన పెట్టు బావా అంటే పెట్టేవాడు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. పాత సామాననుకుని ఉంటాడు.

6వ తేదీ, బుధవారం

అరలకి కొత్త పేర్లు పెడుతున్నారు. ఎ-1, ఎ-2, అలా. పాత పేర్లు చెప్పమంది. చెప్పాను. పిల్లి మూల. కారే చోటు. చీకటి వరస. తల తగిలేది.

"పిల్లేది తాతగారూ?"

"పోయి పన్నెండేళ్ళయింది."

"పిల్లి పోయింది గానీ మూల ఎటూ పోలేదమ్మా," అన్నాడు బావ.

ఆ పిల్ల బి-14 అని రాసుకుంది. ఇప్పుడు బి-14 అంటే నాకు తెలియదు. పిల్లి మూల అంటే ఆ పిల్లకి తెలియదు.

7వ తేదీ, గురువారం

గన్ను ఇచ్చారు. సామాను మీద గీతల చీటీ ఉంటుంది. దాని మీదకి పట్టి నొక్కితే ఎర్ర వెలుగు పడి, కుయ్యిమంటుంది. నేను నొక్కితే అటూ ఇటూ అయి నా చొక్కా బొత్తాం మీద పడింది. కుయ్యిమనలేదు.

"సరుకు కాదని దానికీ తెలిసిపోయింది బావా," అన్నాడు బావ.

అందరూ నవ్వారు.

8వ తేదీ, శుక్రవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి. వరస తప్పితే నాకే అర్థం కాదు.

ప్రతి అరకీ చీటీ అంటిస్తున్నారు. కింది వరసలన్నీ అయ్యాయి. పై వరసకొచ్చింది.

"పైన అక్కర్లేదమ్మా. పైన ఏమీ లేదు," అన్నాను.

"ఏమీ లేకపోతే సున్నా అని ఎక్కించాలి తాతగారూ. ఖాళీ అర కూడా అరే కదా. మావయ్యా, మీరెక్కి అంటించండి."

బావ ఎక్కాడు. చివరి మెట్టు మీద ఆగాడు. చూశాడు. కిందికి తిరిగి నా వంక చూశాడు.

"ఏం బావా, ఏమీ లేదంటావా?"

నేను నా చెప్పులకేసి చూసుకున్నాను. ఎడమ చెప్పు కుట్టు వదిలింది.

"అయితే ఏమీ లేదమ్మా," అన్నాడు పైనుంచి. "సున్నా వేసుకో."

"ఖాళీ అరకి ఫొటో కూడా కావాలి మావయ్యా. ఫొటో లేనిదే ఇది ఒప్పుకోదు."

"నాకు ఫొటోలు తియ్యడం రాదు."

"దిగండి, నేనెక్కుతాను," అని అతను వద్దంటున్నా వినకుండా ఎక్కేసింది. అరనిమిషం తర్వాత "తాతగారూ, ఇక్కడ గోతాలున్నాయి," అంది.

బావ ఏమీ లేదని ఎందుకన్నాడు? కళ్ళెదురుగా గోతాలు పెట్టుకుని. సాయంత్రం నుంచీ అదే ఆలోచిస్తున్నాను. అర్థం కావడం లేదు.

9వ తేదీ, శనివారం

పదకొండు గోతాలు. విప్పారు. రెండు వందల పద్నాలుగు వస్తువులు. అన్నీ కొత్తవి. నూనె కాగితం చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. ఒక్కదానికి తుప్పు లేదు. చూసి కాస్త... రాయకూడదు గానీ కాస్త గర్వంగా అనిపించింది.

చిన్న యజమాని వచ్చారు. రిజిస్టరు ముందేసుకుని చూశారు.

"పగిలినవని రాసినవే ఇవన్నీ. ఎవరు పెట్టారు పైన?"

"నేనే పెట్టాను," అన్నాడు బావ. అది నిజమే.

"ఎందుకు?"

బావ నా వంక చూడలేదు. ఈసారి చూడలేదు. గోడకేసి చూశాడు.

"గుర్తు లేదు."

"నిన్న అమ్మాయి అడిగితే ఏమీ లేదన్నావట. అది కూడా గుర్తు లేదా?"

బావ తువ్వాలు ఆ భుజం మీంచి ఈ భుజం మీదకి మార్చుకున్నాడు.

"పగిలాయని ఈయన చేత రాయించావు. మంచివి పైన దాచావు. వీలు చూసుకుని దాటించడానికేగా? ఇంట్లో కూర్చో. ఏదో ఒకటి తేలేదాకా రాకు."

బావ తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. గేటు దగ్గర సైకిలు తాళం తియ్యడానికి చాలాసేపు పట్టింది. తాళం సరిగ్గానే ఉంటుంది మరి.

చిన్న యజమాని నా భుజం మీద చెయ్యేశారు. "మీరు మనసు కష్టపెట్టుకోకండి బాబాయిగారూ. మీ మంచితనం చూసి మోసం చేశాడు. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."

నేను తలూపానా? ఊపలేదనుకుంటాను. ఊపలేదు.

గోతాలు ఆయన గదిలో పెట్టి టేపు వేశారు.

10వ తేదీ, ఆదివారం

"కంచంలో చెయ్యి పెట్టి ఎంతసేపలా కూర్చుంటారు? అన్నం మీ వంక, మీరు అన్నం వంక," అంది మా ఆవిడ.

బావని రావద్దన్నారని మాత్రం చెప్పాను. మిగతాది చెప్పలేదు.

"అయ్యో, ఆయనేం చేశాడు? నోరు పెద్దదేగానీ చెయ్యి మంచిది. వెళ్ళి చూసి రాకూడదూ? పావుగంట నడక."

కాళ్ళు నొప్పులన్నాను. నిజంగానే నొప్పిగా ఉన్నాయి.

రేపు చిన్న యజమానికి చెప్తాను.

11వ తేదీ, సోమవారం

గది దాకా రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఫోనులో ఉన్నారు. ఫోనులో మాట్లాడేవాళ్ళని కదిలించకూడదు. రెండోసారి ఫోను పెట్టేసి ఉన్నారు. "ఏంటి బాబాయిగారూ?" అన్నారు. పిల్లి మూల బల్బు పోయిందని చెప్పాను. బి-14.

కొత్త బల్బు వేయించారు.

రేపు చెప్తాను.

12వ తేదీ, మంగళవారం

వాన. చిన్న యజమాని రాలేదు. వచ్చుంటే చెప్పేవాణ్ణి.

13వ తేదీ, బుధవారం

వచ్చారు.

చెప్పలేదు.

కంప్యూటరమ్మాయి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తెర చూపించింది. సామాను లెక్క కన్నా ఎక్కువ తేలితే ఎందుకు తేలిందో నొక్కాలట. నొక్కనిదే ముందుకు పోదట. అందులో నాలుగున్నాయి. లెక్క తప్పు. తిరిగొచ్చినవి. దొంగతనం. ఇతరములు.

"శనివారం సాయంత్రానికి ఖాయం చెయ్యమన్నారు తాతగారూ. దొంగతనం అని నొక్కమన్నారు. నొక్కితే మావయ్య పేరు అందులోకి ఎక్కుతుంది. తర్వాత తీసెయ్యడానికి రాదు. ఎక్కడ పనికెళ్ళినా ఇక్కడ వాకబు చేస్తే ఇదే చెప్తారు."

"రబ్బరుతో చెరపడానికి కుదరదా?" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మీకేమైనా తెలుసా తాతగారూ?" అంది మెల్లిగా.

"నేను పుస్తకం రాసేవాణ్ణమ్మా. ఎక్కేది అతను," అన్నాను.

అబద్ధం కాదు. ప్రతి మాటా నిజమే. విడివిడిగా చూస్తే.

14వ తేదీ, గురువారం

పని నుంచి వస్తుంటే ఎదురుగా చెల్లెమ్మ. బావ భార్య. చేతిలో కూరల సంచీ. ఆమె నన్ను చూసేలోపు పక్క సందులోకి తిరిగాను. ఆ సందు ఎటూ పోదు. చివర ఒక మూసిన షట్టరు. దాని ముందు నించున్నాను, షట్టరు మీద రాసింది చదువుతున్నట్టు. అద్దెకు ఇవ్వబడును.

"అన్నయ్యా, దారి తప్పారా?"

వెనకే వచ్చింది.

"లేదమ్మా, ఊరికే," అన్నాను.

"ఆయన ఇంట్లోంచి కదలడం లేదు. ఏం జరిగిందంటే చెప్పరు. గేటు చప్పుడైతే మాత్రం లేచి చూస్తారు. మీకేమైనా తెలుసా అన్నయ్యా? మీకు చెప్పకుండా ఆయన ఏదీ చెయ్యరు కదా."

"తెలియదమ్మా," అన్నాను.

ఆమె సంచీలోంచి రెండు నిమ్మకాయలు తీసి ఇచ్చింది. వదినకివ్వండి అంది. ఇంటికొచ్చి ఆవిడకి ఇవ్వలేదు. జేబులోనే ఉన్నాయి. ఎందుకివ్వలేదో తెలియదు.

15వ తేదీ, శుక్రవారం

రేపు శనివారం.

16వ తేదీ, శనివారం

చెప్పేశాను. ఎలా చెప్పానో నాకే తెలియదు. రాసి చూసుకోవాలి.

పొద్దున ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు చెప్పాలనే బయల్దేరాను. గేటు దాటేసరికి ఆ పట్టుదల పోయింది. మధ్యాహ్నానికి సాయంత్రం చెప్తాననుకున్నాను. నాలుగింటికి ఇంక దీని సంగతి నా చేతుల్లో లేదనుకున్నాను. అలా అనుకుంటే కాస్త తేలికైంది కూడా.

అప్పుడొచ్చాడు ఒక మేస్త్రీ. ఏవో ఇళ్ళ మీది ట్యాంకుకి నీళ్ళు ఎక్కడం లేదట. పగిలిన వాల్వు తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. నిజంగా పగిలింది. నిలువునా. కంప్యూటరమ్మాయి దాని నెంబరు చూసి కొట్టింది.

"సున్నా చూపిస్తోంది. లేదండీ," అంది.

ఎంత తేలిగ్గా అంది. దగ్గినట్టు.

"అలాగా," అన్నాడు ఆ మనిషి. వాల్వుని మళ్ళీ గుడ్డలో చుట్టుకుంటున్నాడు. జాగ్రత్తగా, బతికున్నదాన్ని చుట్టినట్టు.

"ఉంది," అన్నాను.

ఆ పిల్ల నా వంక చూసింది. "ఎక్కడ తాతగారూ? సున్నా ఉంది."

"చిన్న యజమాని గదిలో. మూడో గోతాం. అడుగున."

"అవి ఇవ్వకూడదు కదా. అవి దొంగతనం కింద..."

"కాదు!"

అంత గట్టిగా నేను ఎప్పుడూ అరవలేదు. కాపలా అతను గేటు దగ్గర్నుంచి తొంగి చూశాడు. నాకే ఎవరో అరిచారనిపించింది.

"దొంగతనం కాదు. నేను పెట్టించాను. ఒక్కటీ పగల్లేదు. ఇరవై ఆరేళ్ళుగా పగిలాయని నేనే రాశాను. ఎవరొచ్చినా లేదని అనకుండా ఉండడానికి. అతను మోశాడు. అంతే. అతనికేం సంబంధం లేదు."

చిన్న యజమాని ఎప్పుడు బయటికొచ్చారో, గుమ్మంలో నించున్నారు.

మేస్త్రీ మాత్రం, "ఇంతకీ వాల్వు ఇస్తారా, ఇవ్వరా?" అన్నాడు.

చిన్న యజమాని ఇవ్వమని చేత్తో సైగ చేశారు. టేపు కోశారు. మూడో గోతాం అడుగునే ఉంది. అతను తీసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత గదిలోకి పిలిచారు. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

"మా నాన్నకి తెలుసా?"

"తెలియదు."

"ఒక్కటైనా బయట అమ్ముకున్నారా?"

"లేదు." ఆ లేదు మాత్రం వెంటనే వచ్చింది.

"మీరు దొంగ కాదని నాకు తెలుసు. కానీ ఇరవై ఆరేళ్ళు ఆయనకి తప్పు రాసి చూపించారు బాబాయిగారూ. ఆయన ఆ పుస్తకాల మీద ప్రమాణం చేసేవారు."

అవునన్నాను.

"వారం రోజులుగా ఆ మనిషిని ఇంట్లో కూర్చోబెట్టాను. పక్కనే ఉండి చూస్తూ ఊరుకున్నారు."

కోసిన టేపు ముక్క చెప్పుకి అంటుకుంటే వంగి తీశాను.

ఇక మీదట లెక్క మీద నా సంతకం ఉండదట. ఏ వస్తువు ఎక్కడుందో నోటితో చెప్తూ ఉంటే చాలట. నోటితో. నన్ను.

బయటికొస్తే కంప్యూటరమ్మాయి పిలిచింది. కారణం ఇతరములు అని నొక్కి, నేనన్న మాటలే అందులో ఎక్కించింది. తర్వాత ఇంకో గడి చూపించింది. అత్యవసర నిల్వ అని ఉంది.

"ఇది దీంట్లో ముందే ఉంది తాతగారూ. ఏ వస్తువుకైనా ఎన్ని పక్కన పెట్టాలో అంకె వేస్తే చాలు, అన్ని మిగిలాక ఆపమని చెప్తుంది. రెండు వెయ్యనా? అందరికీ కనపడుతుంది కూడా."

వెయ్యమన్నాను.

దాచింది అందరికీ కనపడితే అది దాచడమెలా అవుతుంది? ఇన్నేళ్ళూ నేను ఊపిరి బిగబట్టుకుని చేసిన పనికి ఒక గడి ఉందా? ఇంతోటిదానికి పెద్ద యజమానిని ఒక్క మాట అడిగి ఉంటే సరేననేవారేమో. అడగొచ్చని తట్టలేదు. తట్టలేదా, అడగలేకపోయానా.

17వ తేదీ, ఆదివారం

కాళ్ళు నొప్పులే అయినా వెళ్ళాను.

బావ వసారాలో గొడుగు పుల్లలు సరిచేస్తున్నాడు. రా అనలేదు. చెల్లెమ్మ కుర్చీ వేసింది. చివర కూర్చున్నాను.

"చెప్పాను బావా," అన్నాను.

"చిన్న యజమాని ఫోను చేశాడు. రేపట్నుంచి రమ్మన్నాడు. తప్పయిందన్నాడు. పెద్ద మనసే."

గొడుగు తెరిచాడు. ఒక పక్క వాలింది. మూశాడు.

"నా కోసం చెప్పావా?"

అవునంటే సరిపోయేది. చెల్లెమ్మ కూడా అదే వినాలని చూస్తోంది. ఆ మాట నాలిక చివర దాకా వచ్చింది.

"కాదు," అన్నాను. "వాల్వు కోసం ఒకతను వచ్చాడు. ఆ పిల్ల లేదంది. నా నోరు ఆగలేదు."

బావ నవ్వాడో, దగ్గాడో. "అదీ నువ్వు," అన్నాడు.

"నీకు గోతాల సంగతి తెలుసా?"

"పగిలిన సామానుకి ఎవరైనా నూనె కాగితం చుడతారా బావా? ఇరవై ఆరేళ్ళు మోశాను. నా భుజాన్ని అంత తక్కువ చేసి మాట్లాడకు. మొదటి ఏడే తెలుసు."

"మరి ఎప్పుడూ అడగలేదేం?"

"అడిగితే నువ్వు మానేస్తావు. మానేస్తే ఎవరో ఒకరు ఉత్త చేతులతో పోతారు. అందుకని."

"మరి ఆ రోజు పైనుంచి ఏమీ లేదన్నావు?"

"నువ్వు లేదన్నావు కదా. నువ్వు లేదన్నాక నేను ఉందంటే నీ మర్యాద ఏం కాను?"

చెల్లెమ్మ లోపలికెళ్ళింది. గ్లాసుల చప్పుడు.

"అదొక్కటీ నేను చేశాను," అన్నాడు. "మిగతాది నువ్వు చేస్తావనుకున్నాను. శనివారం వస్తావనుకున్నాను. పోనీ ఆదివారం. గేటు చప్పుడైతే నువ్వేననుకుని లేచేవాణ్ణి. పాలవాడు. పక్కింటి కుర్రాడు. గాలి. గాలి కూడా రెండుసార్లు వచ్చింది. నువ్వు రాలేదు."

నేను నా చేతులకేసి చూసుకున్నాను.

"రేపు పనికొస్తాను. నీతో మాత్రం మాట్లాడను. ఎనిమిది రోజులు. నువ్వు ఊరుకున్నన్ని."

"ఇదేం పంతమండీ, చిన్నపిల్లల్లా," అంది చెల్లెమ్మ గ్లాసులు పట్టుకొచ్చి.

"నువ్వుండు. ఊరుకోవడం మీ అన్నయ్యకి బాగా వచ్చు. నాకు రాదు. ఈ వయసులోనైనా నేర్చుకోవాలి."

మంచినీళ్ళు తాగి వచ్చేశాను. గుమ్మం దాకా రాలేదు.

ఇంటికొచ్చి ఆవిడకి అంతా చెప్పాను. మొదటి నుంచీ. ఆవిడ విని, "ఇరవై ఆరేళ్ళూ రెండేసేనా? మూడు పెట్టాలని తోచలేదా?" అంది. వెక్కిరించిందో, నిజంగానే అడిగిందో తెలియలేదు.

18వ తేదీ, సోమవారం

వచ్చాడు. మాట్లాడలేదు.

19వ తేదీ, మంగళవారం

గన్ను బావకిచ్చారు. గంటలో పట్టేశాడు. కుయ్యి, కుయ్యి, కుయ్యి. నిచ్చెన మీద నుంచి ఆ పిల్లతో, "అమ్మా, కింద ఉన్నాయన్ని కాస్త జరగమను," అన్నాడు. నేను చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను.

"జరగండి తాతగారూ," అంది ఆ పిల్ల.

జరిగాను.

20వ తేదీ, బుధవారం

చిన్న సీళ్ళు ఎక్కడున్నాయో బావకి తెలియలేదు. నాకు తెలుసు. అతను ఆ పిల్లని అడిగాడు. ఆ పిల్ల నన్ను అడిగింది. నేను ఆ పిల్లకి చెప్పాను. ఆ పిల్ల అతనికి చెప్పింది.

"మీ ఇద్దరి మధ్యా నాకు కాళ్ళు కాదు, నోరు నొప్పెడుతోంది," అంది.

21వ తేదీ, గురువారం

మాట్లాడలేదు.

22వ తేదీ, శుక్రవారం

ఇవాళ సంతకం పెట్టే వేళకి అలవాటుగా జేబులోంచి పెన్ను తీశాను. పెట్టడానికి ఏమీ లేదు. మూత పెట్టి మళ్ళీ జేబులో వేసుకున్నాను. బావ చూశాడు. ఏదో అనబోయాడు. అనలేదు. అనబోయాడనే అనుకుంటున్నాను.

23వ తేదీ, శనివారం

కొత్త లోడు వచ్చింది. కంప్యూటరమ్మాయి పగిలినవి ఎన్ని అని అడిగింది. సున్నా అన్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి. అబద్ధం చెప్తున్నట్టు అనిపించింది.

24వ తేదీ, ఆదివారం

ఇంట్లోనే ఉన్నాను. ఈ రోజు లెక్కలోకి వస్తుందా, రాదా?

"అడక్కూడదూ?" అంది ఆవిడ.

ఎలా అడుగుతాను? మాట్లాడడుగా.

25వ తేదీ, సోమవారం

ఆదివారం కలిపితే ఇవాళతో ఎనిమిది.

సాయంత్రం వెళ్ళిపోయేటప్పుడు గేటు దగ్గర ఆగాడు. నేనూ ఆగాను. సైకిలు చక్రం నొక్కి చూసుకుని వెళ్ళిపోయాడు.

26వ తేదీ, మంగళవారం

పొద్దున్నే అందరికన్నా ముందు వెళ్ళి గేటు దగ్గర నించున్నాను. బావ వచ్చి సైకిలు దిగాడు. వారం రోజులుగా కూడబెట్టుకున్న మాటలు. దారిలో కూడా అనుకుంటూ వచ్చాను.

"బావా, ఆ రోజు నువ్వు పైనుంచి చూసినప్పుడే అవి నావని చెప్పాల్సింది. నోరు పెగలక కాదు. నాకున్న మంచిపేరు పోతుందని ఊరుకున్నాను. పేరు నీది పోతుంటే చూస్తూ ఉన్నాను."

అంత పొడుగు మాట నేను పుట్టాక అనలేదు. ఆయాసం వచ్చింది.

బావ సైకిలుకి తాళం వేశాడు. తాళం చెవి జేబులో వేసుకున్నాడు.

"ఇవాళ కూడా ఉంది. ఆదివారం నేను కలపలేదు," అన్నాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

నేను ఊరుకున్న ఎనిమిదిలో ఆదివారం కలిపాడు. 8వ తేదీ నుంచి 15 దాకా వేళ్ళు మడిచి చూసుకున్నాను, కలిపితేనే ఎనిమిది. తన ఎనిమిదిలో మాత్రం కలపలేదు. ఇదేం లెక్క? సాయంత్రం దాకా అదే ఆలోచించాను.

ఆ ఆదివారం, 10వ తేదీన, అతను రోజంతా ఇంట్లోనే ఉన్నాడు. పావుగంట నడక. నేను కాళ్ళు నొప్పులన్నాను.

సరిగ్గానే కలిపాడు.

అది తేలింది గానీ ఇంకోటి తేలడం లేదు. మాట్లాడనని చెప్పడానికి మాట్లాడాడు కదా. ఇవాళ బావ నాతో మాట్లాడినట్టా, మాట్లాడనట్టా?